ఆంగ్ల వీథిపదములు : అర్థము, అధికారము

పతంజలి మహాభాష్యమున నొక వైయాకరణునకును నొక సూతునకును జరిగిన సంవాదము కలదు. ఈ రథమునకు 'ప్రవేత' యెవఁడని వైయాకరణుఁ డడుగఁగా, తానే 'ప్రాజిత' నని సూతుఁడు చెప్పెను. అది యపశబ్దమని వైయాకరణుఁ డాక్షేపించెను. అందులకు సూతుఁడు, తమకు ప్రాప్తి తెలియును గాని యిష్టి తెలియదని బదులు చెప్పెను. సూత్రమువలన సిద్ధించునది ప్రాప్తి. వ్యవహారమున నంగీకరింపఁబడినది యిష్టి. వ్యాకరణశాస్త్రమునకు మూలస్తంభమైన గ్రంథమే యీ వాదమున సూతునకు జయ మొసఁగుట గమనింపఁదగినది.

పరభాషను గ్రంథములవలన నభ్యసించిన వారి కెల్లరకు నీ కథ వర్తించును. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములనుండి విద్యకై, వైద్యాదివృత్తులకై బ్రిటనునకుఁ బోవువారు నేఁడు పెక్కండ్రు. వారు పాఠశాలలోను గళాశాలలోను ఆంగ్లము చదివినవారే, భాషాపరీక్షలలో నుత్తీర్ణులైనవారే. అయినను అంగడిలో, బస్సులో, ఆసుపత్రిలో వినఁబడు మాటలు కొన్ని వారెఱిఁగిన యర్థముతో నన్వయింపవు. ఎదురుపడినవాఁడు 'ఆల్‌రైట్?' అనినచో, తమ యారోగ్యమును గుఱించి యడిగెనని తలఁచి వివరింపఁబూనుదురు. అది ప్రశ్న గాదు, నమస్కారస్థానీయము. 'చీర్స్' అను మాట పానగోష్ఠిలో శుభాశంస, అంగడిలో కృతజ్ఞత, విడిపోవునపుడు సెలవు. ఇట్టి మాటల సముదాయమునకు ఆంగ్లేయులు స్లాంగు అని పేరిడిరి. దానిని నేర్పుటకై పుట్టిన పట్టికలును జిన్న పుస్తకములును ననేకములు. ఆ పట్టికలు పదమున కర్థముఁ జెప్పును. దానిని ఎవఁడు, ఎవనితో, ఎచ్చట, ఎట్టి కంఠస్వరముతోఁ బలుకఁదగునో చెప్పవు. అర్థముకంటె నధికారమే ప్రధానమైన పదజాలమున నధికారమును విడుచుట సామాన్యమైన లోపము గాదు. ఆ లోప మెట్టిదో విచారించుటయే యీ విమర్శమునకుఁ బ్రయోజనము.

మొదట స్లాంగు స్వరూపమును నిర్ణయింపవలెను. దీనిని 'గ్రామ్యము' అని తెలుఁగు చేయుట కలదు. అది చింత్యము. లక్షణమునకు విరుద్ధమైన భాష గ్రామ్యమని చిన్నయసూరి బాలవ్యాకరణమున నిర్వచించెను. అనఁగా గ్రామ్యత్వము శబ్దరూపమునకు సంబంధించిన దోషము. స్లాంగున రూపదోషము తప్పనిసరి గాదు. మిక్కిలి యాశాభంగము పొందిన యాంగ్లేయుఁడు తాను 'గట్టెడ్' అయితిననును. చేప కడుపు చీల్చి లోపలిభాగములను దీసివేయుట యా ధాతువున కర్థము. వాక్యమున కర్త, క్రియ, కాలము అన్నియు లక్షణసమ్మతములే. కావున నది గ్రామ్యము గాదు. ఇంగ్లండు ఉత్తరభాగమున సాయంకాలభోజనమునకు 'టీ' యని పేరు. తేనీటికి మాత్రమే పిలిచిరని తలఁచి భుజించి పోయిన యతిథి చిక్కులోఁ బడును. కాని యది దేశభేదమువలనఁ గలిగిన మాండలికము, స్లాంగు గాదు. పౌండునకు 'క్విడ్' అనియు, ఇరువదియైదు పౌండ్లకు 'పోనీ' అనియు, ఐదువందల పౌండ్లకు 'మంకీ' అనియు ననుట స్లాంగు. పోనీ యనఁగాఁ జిన్నగుఱ్ఱము, మంకీ యనఁగాఁ గోఁతి. ద్రవ్యమును జెప్పుటకు సాధుశబ్దము ముందే యున్నది. ఉండఁగా రెండవ పదమేల పుట్టెను? ఆ పదము ద్రవ్యమును మాత్రము చెప్పుట గాక, వక్తకును శ్రోతకును నడుమ నున్న చనువును, పరిహాసమును, ఒకే కూటమివార మను భావమును గూడఁ దెలుపును గనుక. వస్తువు వాచ్యము, సంబంధము వ్యంగ్యము. ఈ రెండవ యంశమును విడిచినచో మిగులునది స్లాంగు గాదు, వట్టి పర్యాయపదము.

ఈ పదములను సంగ్రహించిన విద్వాంసుల పరంపర బ్రిటనున చిరకాలమునుండి కలదు. 1755లో వెలువడిన సామ్యూల్ జాన్సను నిఘంటువునఁ జోటు దొరకని పెక్కు మాటలకు 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ తన నిఘంటువున స్థానము కల్పించెను. పూర్వము సైనికోద్యోగము చేసి, పురాతనవస్తుశోధనమునఁ బేరొందిన యీతఁడు రాత్రులయందు లండను వీథులలోఁ దిరిగి మాటలు సేకరించెనని ప్రసిద్ధి. 1859లో జాన్ కామ్‌డెన్ హాటెన్ అను పుస్తకవిక్రేత మఱియొక నిఘంటువును వెలువరించి, అందు వ్యస్తాక్షరపదములకును బ్రాసపదములకును వేఱువేఱు పట్టికలు చేర్చెను. 1890 మొదలు 1904 వఱకు ఫార్మరు, హెన్లీ యనువారు ఏడు సంపుటముల కోశము వెలువరించిరి. 1937లో న్యూజీలండున జన్మించిన ఎరిక్ పార్ట్రిడ్జి గొప్పకోశము వెలసెను. 2010లో జొనాథన్ గ్రీన్ కోశము మూఁడు సంపుటములుగా వెలువడెను.

ఈ కోశకారులలో గుణదోషము లిరుదెఱఁగులు గలవు. పార్ట్రిడ్జి ప్రథమప్రపంచయుద్ధమున సైనికుఁడై సైనికుల మాటలను స్వయముగా వినినవాఁడు. అది యాతని బలము. ఆధారము చాలనిచోట వ్యుత్పత్తిని దన యూహచేత నింపుట యాతని దోషము. గ్రీన్ ప్రతిపదమునకును గాలక్రమమున ప్రయోగములఁ జూపి యా దోషమును జాలవఱకుఁ బరిహరించెను. వీరెల్లరయందును సామాన్యమైన గుణ మొకటి కలదు. ఈ మాట దొంగలది, ఇది నావికులది, ఇది విద్యార్థులది, ఇది యిప్పుడు జీర్ణమైనది యని వారు గుఱుతు పెట్టుదురు. ఆ గుఱుతులే యధికారనిర్దేశములు. విద్యార్థులకై వ్రాయఁబడు చిన్నపట్టికలు పెద్దకోశములనుండి పదమును, అర్థమును గ్రహించి, ఆ గుఱుతులను దొలఁగించును. ఔషధనామమును జెప్పి మోతాదును జెప్పని వైద్యగ్రంథ మెట్టిదో, అట్టి పట్టిక యట్టిది.

ఇఁక శబ్దసిద్ధి. స్లాంగు యథేచ్ఛగాఁ బుట్టిన కలకలమని తలఁచువారు దాని ప్రక్రియలను బరిశీలింపవలెను. సంస్కృతవ్యాకరణమున నెఱిఁగినవే పెక్కులు అందుఁ గనఁబడును.

ఒకటి పదలోపము. 'చూపు' అను నర్థము గల 'లుక్' శబ్దమునకుఁ బ్రాసముగా 'బుచర్స్ హుక్' అను సమస్తపదమును లండను తూర్పుభాగమువారు చెప్పుదురు. అనఁగా మాంసవిక్రేత కొక్కెము. పిదప 'హుక్' లోపించి 'బుచర్స్' మాత్రము మిగులును. ఒకసారి చూడుమనుటకు 'హావ్ ఎ బుచర్స్' అందురు. 'యూజ్ యువర్ లోఫ్' అనఁగా బుద్ధి నుపయోగింపు మని యర్థము. 'లోఫ్ ఆఫ్ బ్రెడ్' అను రొట్టెపేరు శిరోవాచకమైన 'హెడ్' తోఁ బ్రాసము గూడును. అబద్ధములకు 'పోర్కీస్' అని పేరగుటయు, స్నేహితునకు 'చైనా' యని పేరగుటయు నిట్లే. మొదటిది 'లైస్' తోఁ బ్రాసము గల 'పోర్క్ పైస్' నుండియు, రెండవది 'మేట్' తోఁ బ్రాసము గల 'చైనా ప్లేట్' నుండియుఁ బుట్టెను. సత్యభామను భామ యనుట, దేవదత్తుని దత్తుఁడనుట వ్యాకరణమున నంగీకృతములే. కాని భేద మొకటి గలదు. సత్యభామాశబ్దమున నేభాగము లోపించినను మిగిలినభాగము వ్యక్తిని దెలుపును. ఇచ్చట నర్థమును బ్రాసముచేత మోయుచుండిన భాగమే లోపించినది. అందుచేత వెలుపలివానికి మార్గము మూయఁబడినది. మిగిలిన పదమునుండి యర్థము నూహించుట యసాధ్యము. కూటమిలోనివానికే యది సుబోధము. అధికారము శబ్దనిర్మాణముననే యిమిడియుండుట కిది నిదర్శనము.

రెండవది వర్ణవిపర్యయము. హింసాశబ్దమునుండి వర్ణవ్యత్యయముచేత సింహశబ్దము సిద్ధించెనని నిరుక్తసంప్రదాయము. లండను నగరమునఁ దోపుడుబండ్లపైఁ గాయలు పండ్లు అమ్మువారు పందొమ్మిదవ శతాబ్దమునఁ దమలోఁ దాము మాటలాడుకొనుటకు మాటలను వెనుకనుండి ముందునకుఁ ద్రిప్పి పలుకుచుండిరి. వారి వ్యవహారమును 1851లో హెన్రీ మేహ్యూ తన గ్రంథమున వర్ణించెను. బాలవాచకమైన 'బాయ్' శబ్ద మట్లు తలక్రిందై 'యాబ్' అయినది; నేఁడది మర్యాద యెఱుఁగని దుడుకుయువకునకుఁ బేరు. ఇచ్చట నొక సూక్ష్మము. సింహశబ్దమునఁ దాఱుమాఱైనవి ధ్వనులు; 'యాబ్' అను దానియందుఁ దాఱుమాఱైనది లిపి. వ్రాఁతలోని మూఁడక్షరములను వెనుకనుండి చదివిన నీ రూపము వచ్చును.

మూఁడవది లక్షణావృత్తి. గంగయందు గొల్లపల్లె యనునపుడు గంగాశబ్దము తీరమును దెలుపును. 'నాకర్' అనఁగా నుపయోగము తీఱిన ముసలిగుఱ్ఱములను గొని వధించు వర్తకుఁడు. వానియొద్దకుఁ బోఁదగిన స్థితి యెట్టిదో, మిక్కిలి యలసినవాని స్థితి యట్టిదని 'నాకర్డ్' అందురు. విపరీతలక్షణయు నందు మెండు. దుష్టతావాచకమైన 'వికెడ్' యువకుల నోట నుత్తమమను నర్థ మిచ్చును. 'నాట్ బ్యాడ్' అనఁగాఁ జెడ్డది గాదని వాచ్యార్థము. చక్కగా నున్నదని తాత్పర్యము. 'క్వైట్ గుడ్' అనినచో మిక్కిలి మంచిదని పరదేశీయుఁడు సంతసించును. పలికిన యాంగ్లేయుని తాత్పర్యము పెక్కుసారులు, ఏదో పరవాలేదని మాత్రమే.

నాలుగవది యన్యదేశ్యము. దీనియందు భారతదేశమునకు సాక్షాత్సంబంధము గలదు. ఈ దేశమున నుండిన యాంగ్లసైనికులు విలాయతీ శబ్దమును 'బ్లైటీ' గాఁ జేసి తమ మాతృభూమికిఁ బేరిడిరి. 1914 మొదలు 1918 వఱకు జరిగిన యుద్ధమున, చంపక యింటికిఁ బంపునంతటి గాయమునకును 'బ్లైటీ' యనియే పేరయ్యెను. నాసిక్ సమీపమందలి దేవళాలీ శిబిరమున నోడలకై వేచియుండు సైనికుల మనఃస్థితినిబట్టి 'డూలాలీ' యనఁగా మతి చెడినవాఁడని యర్థ మేర్పడెను. దేఖో యను హిందీక్రియ 'డెకో' యై చూపునకుఁ బేరయ్యెను. పక్కా శబ్దమునకు మూలము సంస్కృతపక్వశబ్దము. ఆంగ్లమున నది 'పక్కా' యనియే నిలిచి, నిక్కమైన దను నర్థ మిచ్చుచున్నది. స్నేహితుని జెప్పు 'పాల్' శబ్దము రోమానీ జాతివారి భాషనుండి వచ్చినది. ఆ జాతివారి పూర్వులు భారతదేశమునుండి పోయినవారు. ఆ శబ్దమునకు మూలము భ్రాతృశబ్దము. లండను వీథిలో నిరువురు పని వాండ్రు 'పాల్' అని పిలుచుకొనునపుడు, తా మన్నదమ్ములమని సంస్కృతమునఁ బలుకుచున్నట్లు వారెఱుఁగరు.

ఇట్టి పదములను శేఖరించిన 'హాబ్సన్-జాబ్సన్' అను నిఘంటువు 1886లో వెలువడెను. దానిని రచించినవారు హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్. పందికొక్కు అను తెలుఁగుమాట 'బాండికూట్' అయిన తెఱఁగు అందుఁ గలదు. ఆ బర్నెలే 1875లో సంస్కృతవైయాకరణుల యైంద్రసంప్రదాయమును గుఱించి ప్రత్యేకగ్రంథమును వ్రాసినవాఁడు. ఐంద్రవ్యాకరణమును శోధించిన పండితుఁడే సిపాయీల నోట విఱిగిన మాటలను గూడ నేరినాఁడు. ఒకటి చేయుట రెండవదానికి న్యూనత గాదని యాతఁ డెఱిఁగినట్లు తోఁచును.

వ్యుత్పత్తివిషయమున చిన్నపట్టికలు చేయు మఱియొక యపరాధము కట్టుకథలను సత్యములుగాఁ జెప్పుట. ధనికుల నాగరకతను దెలుపు 'పాష్' అను మాటకు భారతదేశపు సముద్రయానముతో ముడిపెట్టిన కథ యొకటి లోకమునఁ బ్రబలినది. ఇంగ్లండునుండి వచ్చునపు డోడ యెడమప్రక్కను, మరలిపోవునపుడు కుడిప్రక్కను నీడగల గదులు ధనవంతులకు లభించెడివనియు, ఆ రెండు ప్రక్కలను దెలుపు నాలుగాంగ్లపదముల మొదటి యక్షరములు చేరి యీ శబ్దమైనదనియు నా కథ. వినుట కింపుగా నున్నది, సాక్ష్యము శూన్యము. అట్టి యక్షరములు గల యోడటిక్కెట్టు ఒక్కటియు నింతవఱకుఁ బ్రామాణికముగా దొరకలేదు. అట్లే, పని సులువుగా ముగియునని చెప్పు 'బాబ్స్ యువర్ అంకుల్' అను నానుడికి, 1887లో ప్రధానమంత్రి సాలిస్బరీ ప్రభువు తన మేనల్లుఁడైన బాల్‌ఫరునకు ఐర్లండు వ్యవహారముల యధికారమిచ్చుటయే మూలమందురు. నియామకము సత్యము, ఆ ప్రభువు పేరు రాబర్టగుటయు సత్యము. కాని యా నానుడి ఇరువదవ శతాబ్దమునకుఁ బూర్వము వ్రాఁతలలోఁ గనఁబడదు. అంతకాలము మౌనముగా నుండిన పరిహాసమును నమ్ముట యెట్లు? వ్యుత్పత్తి యెంత రమ్యమో యంత సందేహింపవలెనను నియమము తెలుఁగుపదముల కెట్లో ఆంగ్లపదములకు నట్లే.

వ్యుత్పత్తి నిజమైనను బ్రయోగమున కది ప్రమాణము గాదు. తెలివిలేనివానిని 'బర్క్' అని చనువుగా నిందింతురు. అదియుఁ బ్రాసపదమే. బర్క్‌లీ యను చోటి వేఁటగాండ్ర పేరుతోఁ బ్రాసము గూడిన మూలపద మసభ్యమైన యవయవవాచకము. పలుకువారిలోఁ బెక్కండ్రకు నది తెలియదు. తెలియకయే సౌమ్యముగాఁ బలుకుదురు. రూఢి యోగమును హరించునను న్యాయమున కింతకంటె నుదాహరణ మేల?

కాలవిషయము మఱియొకటి. 'బాబ్' అనఁగా షిల్లింగు, 'టానర్' అనఁగా నాఱు పెన్నీల నాణెము. 1971 ఫిబ్రవరి 15వ తేదిని బ్రిటను దశాంశనాణెములను బ్రవేశపెట్టఁగా షిల్లింగు లెక్క పోయెను. ఆఱు పెన్నీల నాణెము 1980 వఱకుఁ జెల్లి పిదప నిలిచిపోయెను. పేర్లు పాతకథలలో మిగిలినవి. వుడ్‌హౌసు హాస్యకథలను జదివి యాంగ్లేయులు నేఁడును 'వాట్ హో' అనియు, 'టూడిల్ పిప్' అనియుఁ బలుకుదురని తలఁచు విద్యార్థి, రెండు ప్రపంచయుద్ధముల నడుమనుండిన ధనికయువకుల పలుకును ఇప్పటి బస్సులో వెదకుచున్నాఁడు. స్లాంగువలె నాశుగతి గల శబ్దజాలము భాషలో వేఱొకటి లేదు. పట్టికలో సంవత్సరము లేకున్నచో, ప్రాణముతో నున్న మాటయు శవమును నొకే వరుసను గూర్చుండును.

నవీనోదాహరణ మొకటి చూడఁదగును. సాధ్వాంగ్లమున ప్రశ్నానుబంధము కర్తృక్రియల ననుసరించి మాఱును. నీవు వచ్చితివి గదా, వారు పోరు గదా, అది మంచిది గదా యని తెలుఁగువాఁడు ఒక్క 'కదా' తోఁ దీర్చుకొనుదాని నాంగ్లేయుఁడు వేఱువేఱు రూపములతోఁ జెప్పవలెను. లండను యువకు లా రూపములన్నిటికి బదులు 'ఇనిట్' అను నొక్కమాటను వాడుదురు. 'కదా' వలె నది యవ్యయమైనది. 1948లో విండ్రష్ నౌక వచ్చిననాఁటినుండి కరీబియను ద్వీపములవారు, పిదప దక్షిణాసియావారు, ఆఫ్రికావారు లండనున స్థిరపడఁగా, వారి బిడ్డలందఱును గలసి యాడుకొన్న వీథులలో నొక క్రొత్త వ్యవహారము పుట్టెను. జెన్నీ చెషైర్, పాల్ కెర్స్‌విల్ మున్నగు భాషాశాస్త్రజ్ఞులు దానిని బరిశోధించి, బహుసంస్కృతుల లండను ఆంగ్లమని పేరిడిరి. 'ఇనిట్' ఆ వ్యవహారమునఁ బ్రసిద్ధము. ఇది యిట్లుండఁగా, భారతీయుఁడు ప్రతివాక్యము చివర 'ఇజన్టిట్' అనినచో నది భారతీయుల యాంగ్లదోషమని పరిహసింపఁబడుచుండెను. ఒకే ప్రక్రియ యొకని నోట దోషము, మఱియొకని నోట సొగసు. శబ్దము భేదింపలేదు, వక్త భేదించెను.

వక్తయొక్క యధికారమును నాటకరూపమునఁ జూపినవాఁడు బెర్నార్డు షా. ఆతని 'పిగ్మేలియన్' నాటకమును 1914 ఏప్రిలులో లండనున నాడిరి. పూలమ్ము పిల్ల ఎలైజాకు ధ్వనిశాస్త్రవేత్త ఉన్నతకులస్త్రీల యుచ్చారణమును నేర్పును. ఆమె యొక పెద్దయింటి సభకుఁ బోయి, స్వరవర్ణములు లేశమును దప్పక, 'బ్లడీ' యను మాటను బలుకును. ఆ మాట యప్పటి రంగస్థలమున నిషిద్ధప్రాయము. ప్రేక్షకులలో గొప్పసంచలనము కలిగెను. రక్తమని దాని మూలార్థము గాని, ప్రయోగమున దాని కర్థము లేదు. ఉపసర్గవలె నది యతిశయమునకు ద్యోతకమాత్రము. అయినను శిక్షయందు తప్పిన దేదియో చూడుఁడు. ఉచ్చారణము సాధువు, వాక్యము సాధువు, స్థలము మాత్రము తప్పినది. అంతకంటెఁ జమత్కార మేమనఁగా, అది క్రొత్త నాగరకసంభాషణమని చెప్పఁగా నమ్మి, ఆ సభలోని కులీనకన్య యా మాటను దానును బలుకును. పట్టికను నమ్మి స్లాంగు పలుకు విద్యార్థి యా కన్యకు సోదరుఁడు.

ఈ తప్పు పరిహాసముతో ముగిసినచో విచారించువా రుండరు. ముగియని చోట్లును గలవు. 1951 ఏప్రిలులో కొరియా యుద్ధమున ఇమ్జిన్ నదియొద్ద గ్లాస్టరు పటాలమువారిని చీనాసేనలు ముట్టడించెను. ఆంగ్లసేనాని తన పైయధికారియైన అమెరికా సేనాపతికి స్థితి 'కొంచెము జిగటగా నున్నది' అను నర్థము గల తన దేశపు నానుడితోఁ దెలిపెననియు, ప్రాణసంకట మని చెప్పుటకు మాఱుగా నాంగ్లేయుఁ డట్లు తగ్గించి పలికిన సంగతి యమెరికావాని కందలేదనియుఁ బ్రసిద్ధముగాఁ జెప్పుదురు. ఆ పటాలమువారిలో నైదువందలకు మించినవారు బందీలైరి. మాటయొక్కటే దానికిఁ గారణమని చెప్పరాదు. కాని యుభయులకు నాంగ్లమే మాతృభాష యగునప్పుడే యిట్టి వాద మేర్పడినచో, పరదేశీయుని మాట వేఱుగాఁ జెప్పనేల?

తెలుఁగువైద్యుల విషయ మిందులకు సన్నిహితము. బ్రిటను ఆసుపత్రులలోఁ బనిచేయు భారతీయవైద్యులలో తెలుఁగువారును గలరు. వృద్ధుఁడైన రోగి తనకు 'వాటర్‌వర్క్స్' బాధ యనినచో, నీటిసరఫరా మాట గాదు, మూత్రావయవముల మాట. వృద్ధురాలు 'పెన్నీ ఖర్చు పెట్టవలె' ననినచో నాణెము వెదకరాదు. బహిరంగస్థలములందలి మఱుఁగుదొడ్ల తలుపు పెన్నీ వేసినఁ గాని తెఱవఁబడని దినములలోఁ బుట్టిన లజ్జాగోపన మది. 'పూర్లీ' యనఁగా నలఁత. కాని దాదులు రోగి 'వెరీ పూర్లీ' యనినచో నది ప్రమాదస్థితి కావచ్చును. ఇచ్చట స్లాంగును జనవును నెఱుఁగుట వినోదము గాదు, చికిత్సలో భాగము.

పూర్వపక్షము : స్లాంగు నీచవ్యవహారము, విద్యార్థి దానిని దాఁకినచో సాధుభాష చెడును, కావున నది పరిత్యాజ్యము. సమాధానము : వినుట వేఱు, పలుకుట వేఱు. శత్రువు లిపిని జదువ నేర్చినవాఁడు శత్రువు గాఁడు. వైద్యుఁడు రోగి పలుకును దాను బలుకనక్కఱలేదు. గ్రహింపకున్నచో మాత్రము దోషము. రెండవ పూర్వపక్షము : నేర్చినది పలుకకున్న నేర్చుట వ్యర్థము, పలికినఁ గాని యచ్చటివారిలోఁ గలియలేము. సమాధానము : కలసినపిదప పలుకు వచ్చును గాని పలికినంతఁ గలయుట రాదు. స్లాంగు చనువునకుఁ గార్యము, కారణము గాదు. చనువు లేనివాఁడు చనువుమాట పలుకుట, చుట్టఱికము లేనియింట వంటగదిలోనికిఁ బోవుట వంటిది. అందుచేత గ్రహణము మొదట, ప్రయోగము పిదప. ప్రయోగమైనను సమానులతో మాత్రమే.

సంబోధనములయం దీ న్యాయము స్పష్టము. నాటింగుహాము మొదలగు చోట్ల అంగడివారు 'డక్' అనియు, న్యూకాసిలు ప్రాంతమున 'పెట్' అనియు, స్కాట్లండున స్త్రీలను 'హెన్' అనియుఁ బిలుతురు. 'లవ్' అనుట దేశమంతట నున్నది. బాతు, పెంపుడుజంతువు, కోడి, ప్రేమ యని వాచ్యార్థములు. కూరలమ్ము తెలుఁగువాఁడు దారిని బోవు స్త్రీని 'అమ్మా' యని పిలిచి మాతృత్వము నారోపింపనట్లే, వారును బ్రేమ నారోపింపరు. పిలుపు వినువాఁడు కోపింపనక్కఱలేదు. సంతోషించి తానట్లు మరలఁ బిలువను గూడదు.

స్లాంగు నేర్పు గ్రంథ మెట్లుండవలెనో మన యాలంకారికులే మార్గముఁ జూపిరి. వ్యంగ్యార్థము స్ఫురించుటకుఁ దోడ్పడువాని నెన్నుచు మమ్మటుఁడు కావ్యప్రకాశమున వక్తను, బోద్ధవ్యుని, కాకువును, ప్రకరణమును, దేశమును, కాలమును బేర్కొనెను. ఈ యాఱును బ్రతిపదమునకును జూపినచో నది స్లాంగుకోశము. 'మేట్' అను పదమును గైకొందము. అర్థము స్నేహితుఁడు. వక్త సామాన్యముగాఁ బురుషుఁడు. బోద్ధవ్యుఁడు సమానుఁడు, లేక పరిచయము లేని పురుషుఁడు. న్యాయాధిపతి గాఁడు, గురువు గాఁడు. ప్రకరణము అంగడి, పానశాల, ఆటస్థలము. దేశము బ్రిటను, ఆస్ట్రేలియా మున్నగునవి. కాలము నేఁటిది. కాకువు ప్రధానము : మృదుస్వరమునఁ బలికిన స్నేహము, కఠినస్వరమున నెదుట నిలిచి పలికినచో కలహమునకు నాంది. స్నేహితుఁడని మాత్రము వ్రాసిన పట్టిక చేత, కొట్టవచ్చినవానిని మిత్రుఁడని తలఁచి చేయి చాఁచువారుందురు. ఇట్లు వ్రాసినచో నైదువందల పదములకు మాఱుగా నేఁబది పదములే పట్టును. ఆ యేఁబదియుఁ జాలును.

భాష్యకారుఁడే మఱియొక కథ చెప్పెను. 'యద్వానః', 'తద్వానః' అనవలసినచోట 'యర్వాణః', 'తర్వాణః' అని పలుకుచుండిన ఋషులుండిరఁట, వారికాపేరే కలిగెను. వారు పరావరజ్ఞులు, తత్త్వ మెఱిఁగినవారు. నిత్యవ్యవహారమున నట్లు పలికినను, యజ్ఞకర్మయం దపభాషణము చేసియుండలేదు. వారియందు రెండుభాషల జ్ఞాన మున్నది. ఏది యెచ్చట నను వివేక మంతకంటె నెక్కువగా నున్నది. ఆంగ్లవీథిపదముల నభ్యసించు తెలుఁగువిద్యార్థికిఁ గావలసినది యావివేకమే. బోధించు పండితు లర్థముతోపాటు దానిని గూడ నొసఁగినచో, సూతునిచేత నాక్షేపింపఁబడు నవసరము వారి శిష్యులకుఁ గలుగదు.